కబడ్డీలో తలగాయాలు: చట్టపరమైన బాధ్యత

కబడ్డీ, బాక్సింగ్, కుస్తీ, రగ్బీ వంటి ఒళ్ళూ ఒళ్ళూ తగిలే (సంపర్క) ఆటల్లో క్రీడాకారుడి తలకు దెబ్బ తగిలితే వైద్య ఖర్చు, పోయిన సంపాదన, వైకల్యం, మరణం వంటి నష్టాలకు ఎవరు ఎంతవరకు జవాబుదారీ అవుతారో తేల్చే న్యాయసూత్రాలు ఈ వ్యాస విషయం. భారతదేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. భారతీయ న్యాయ సంహిత, అపకృత్య చట్టం (టార్టు), కాంట్రాక్టు చట్టం, ఉద్యోగుల నష్టపరిహార నిబంధనలు, వినియోగదారుల రక్షణ చట్టం ఒక్కొక్కటీ కొంత భాగాన్ని భర్తీ చేస్తాయి. ఇక్కడ కబడ్డీని ప్రధానంగా తీసుకుని, పల్నాడు జిల్లా పరిస్థితులకు అన్వయిస్తూ వివరించడమైంది.

పరిధి

వృత్తిగా ఆడటం అన్న మాట కబడ్డీలో మూడు అంచెలకు వర్తిస్తుంది. మొదటిది 2014 జూలై 26న మొదలైన ప్రో కబడ్డీ లీగ్. అక్కడ తెలుగు టైటాన్స్ వంటి జట్లు వేలంలో ఆటగాళ్ళను కొనుక్కుని సీజన్‌కు రాతపూర్వక ఒప్పందం చేసుకుంటాయి. రెండోది రైల్వే, పోలీసు, బ్యాంకుల వంటి సంస్థల్లో క్రీడా కోటా ఉద్యోగం. ఆటగాడు జీతం తీసుకుంటూ సంస్థ తరఫున ఆడతాడు. మూడోది ఊళ్ళలో నగదు బహుమతి కోసం జరిగే పోటీలు. ఇక్కడ బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఆటగాడికి జట్టు యజమాని దారి ఖర్చు, రోజుకింత అని చేతికిస్తాడు. కాగితం ఏదీ ఉండదు. చట్టం చూపు ఎక్కువగా మొదటి అంచె మీద ఉంటే, దెబ్బలు ఎక్కువగా తగిలేది మూడో అంచెలో.

నిర్లక్ష్యానికి సంబంధించిన బాధ్యతకు డబ్బు తీసుకున్నారా లేదా అన్నది ముఖ్యం కాదు. ఉచితంగా ఆడినవాడికీ నిర్వాహకుడు జాగ్రత్త చూపాల్సిందే. ఉద్యోగుల నష్టపరిహారం అడిగేటప్పుడు మాత్రం యజమాని–ఉద్యోగి సంబంధం రుజువు కావాలి.

తలగాయం: వైద్య నేపథ్యం

పుర్రె లోపల మెదడు ఒక ద్రవంలో తేలుతున్నట్టు ఉంటుంది. తల హఠాత్తుగా ఆగినా, తిరిగినా మెదడు లోపల అదిరి తాత్కాలికంగా పని తప్పుతుంది. దీన్ని కంకషన్ అంటారు. దెబ్బ తలకే తగలనక్కరలేదు, ఒంటికి తగిలిన ఊపుకు మెడ విసురుగా కదిలినా ఇది రావచ్చు. చాలామందికి స్పృహ తప్పదు. తల తిరగడం, కళ్ళు బైర్లు కమ్మడం, వాంతి, స్కోరు గుర్తు లేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం దీని లక్షణాలు. సాధారణ సీటీ స్కాన్‌లో ఇది కనిపించదు కాబట్టి స్కాన్ బాగుంది అన్న మాట కంకషన్ లేదనడానికి రుజువు కాదు.

ప్రాణం మీదికి వచ్చేది పుర్రె లోపల రక్తస్రావం. మెదడు పొరల మధ్య రక్తం చేరుతున్నా మనిషి కొంతసేపు మామూలుగానే మాట్లాడి, లేచి తిరిగి, ఆ తర్వాత కుప్పకూలవచ్చు. మొదటి కంకషన్ తగ్గకముందే రెండో దెబ్బ తగిలితే, అది చిన్నదే అయినా, మెదడు ఒక్కసారిగా వాచి మరణం సంభవించిన ఉదంతాలు యువ ఆటగాళ్ళలో నమోదయ్యాయి. ఏళ్ళ తరబడి పదే పదే తగిలిన దెబ్బల వల్ల మెదడులో టావ్ అనే ప్రొటీన్ పేరుకుని జ్ఞాపకశక్తి, ప్రవర్తన దెబ్బతినే వ్యాధి మూడో రకం. దాన్ని సీటీఈ అంటారు. మరణానంతరం మెదడును పరీక్షిస్తేనే అది ఖాయమవుతుంది.

ఈ మూడింటికీ చట్టంలో వేర్వేరు చిక్కులున్నాయి. రక్తస్రావంలో కారణం వెంటనే తెలుస్తుంది. కంకషన్‌లో రుజువు కష్టం. సీటీఈలో ఏ దెబ్బ, ఏ జట్టులో ఉండగా తగిలింది అని చూపడమే కష్టం.

కబడ్డీలో తలకు దెబ్బ తగిలే తీరు

పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. జట్టుకు ఏడుగురు. కూతకెళ్ళినవాడికి 30 సెకన్ల గడువు. ఇంత చిన్న చోట ఏడుగురు ఒక్కడి మీదికి వచ్చే ఆట ఇది. తలకు రక్షణగా ఏదీ పెట్టుకోరు.

దెబ్బలు ఎక్కువగా నాలుగు సందర్భాల్లో పడతాయి. చేతులు కలిపి చైన్ కట్టిన ఇద్దరు ఒకేసారి ముందుకు దూకితే వారి తలలే ఒకదానికొకటి కొట్టుకుంటాయి. చైన్ కిందనుంచి దూరి పోయే డుబ్కీలో కూతగాడి తల, పట్టేవాడి మోకాలు ఒకే ఎత్తులో ఉంటాయి. చీలమండ పట్టుకుని వెనక్కి లాగినప్పుడు చేతులు ఊనే వ్యవధి లేక ముఖం నేలకు తగులుతుంది. గీత దగ్గరున్న కూతగాణ్ణి భుజంతో డాష్ కొట్టి బయటికి నెట్టినప్పుడు తల వెనక భాగం హద్దు అవతల ఏముంటే దానికి తగులుతుంది. లీగ్ పోటీల్లో అక్కడ మ్యాటే ఉంటుంది. ఊళ్ళో గీత దాటగానే గట్టి నేల, కర్రల కంచె, జనరేటరు, ఒక్కోసారి ముందు వరసలో కూర్చున్న పిల్లలు ఉంటారు.

నియమాల ప్రకారం గొంతు నులమడం, కూత ఆపడానికి నోరు మూయడం, కాళ్ళతో కత్తెర వేయడం, గాయమయ్యేలా మోటుగా పట్టడం నిషిద్ధం. తప్పు తీవ్రతను బట్టి ఆకుపచ్చ, పసుపు, ఎర్ర కార్డులు చూపిస్తారు. పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. గాయమైతే రెఫరీ ఆట ఆపవచ్చు, ఆటగాణ్ణి మార్చవచ్చు. బాధ్యతను నిర్ణయించేటప్పుడు కోర్టు చూసే మొదటి కొలబద్ద ఈ నియమాలే.

చరిత్ర

తలదెబ్బలను వృత్తి వ్యాధిగా వైద్యులు గుర్తించింది బాక్సింగ్‌లో. 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ బాక్సర్లలో కనిపించే మత్తు నడక, తడబడే మాట, మతిమరుపులను వర్ణించాడు. తర్వాత చాలా దశాబ్దాలు ఇది బాక్సర్లకే పరిమితమైన జబ్బుగా చెలామణీ అయింది. 2002లో మరణించిన అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మైక్ వెబ్‌స్టర్ మెదడును పరీక్షించిన బెన్నెట్ ఒమలు 2005లో తన పరిశీలనలు ప్రచురించడంతో ఆ నమ్మకం పోయింది.

అక్కడి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ మీద 2011 నుంచి మాజీ ఆటగాళ్ళు వేలాదిగా దావాలు వేశారు. ఆటలో దెబ్బ తగలడం గురించి వారు ఫిర్యాదు చేయలేదు. దెబ్బల వల్ల తర్వాత వచ్చే జబ్బుల సంగతి లీగ్ తెలిసి దాచిందన్నది వారి వాదన. 2013లో 76.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ మొత్తం చాలదని న్యాయమూర్తి అనీటా బ్రోడీ సందేహించగా గరిష్ఠ పరిమితి తీసేశారు. 2015లో తుది ఆమోదం లభించింది. చెల్లింపులు 100 కోట్ల డాలర్లు దాటాయి. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో, కంకషన్ అనుమానం ఉన్న బాల ఆటగాణ్ణి వెంటనే బయటికి తీయాలని, వైద్యుడి రాతపూర్వక అనుమతి లేకుండా తిరిగి దించకూడదని చట్టం చేసింది. ఆ తరహా చట్టాలు కొన్నేళ్ళలోనే అమెరికా రాష్ట్రాలన్నిటికీ వ్యాపించాయి. బ్రిటన్‌లో 2020 చివర నుంచి రగ్బీ మాజీ ఆటగాళ్ళు తమ పాలక సంస్థల మీద ఇలాంటి దావాలే వేస్తున్నారు.

పల్నాడు పాఠకుడికి అన్నిటికన్నా దగ్గరి తీర్పు మైకేల్ వాట్సన్ కేసు. 1991 సెప్టెంబర్ 21న లండన్‌లో క్రిస్ యూబ్యాంక్‌తో పోటీలో అతను కుప్పకూలాడు. వైద్యుడు అతని దగ్గరికి వచ్చేసరికి ఏడు నిమిషాలైంది. ఊపిరి నిలబెట్టే పరికరాలు రింగు దగ్గర లేవు. మొదట తీసుకెళ్ళిన ఆస్పత్రిలో మెదడు శస్త్రచికిత్స విభాగం లేదు. అక్కడి నుంచి మరో ఆస్పత్రికి మార్చారు. దెబ్బ కొట్టిన యూబ్యాంక్ తప్పేమీ లేదు, నియమాల ప్రకారమే కొట్టాడు. అయినా పోటీలకు భద్రతా నియమాలు రాసే బ్రిటిష్ బాక్సింగ్ నియంత్రణ మండలి బాధ్యత వహించాలని అప్పీలు కోర్టు 2000 డిసెంబర్‌లో తేల్చింది. దెబ్బకు ఆటగాడు సమ్మతించాడు, దెబ్బ తర్వాత సరైన చికిత్స అందకపోవడానికి సమ్మతించలేదు అన్నది ఆ తీర్పు సారం. భారత కోర్టులకు అది శిరోధార్యం కాకపోయినా, ఒప్పించగల ప్రమాణంగా చూపవచ్చు.

క్రికెట్ సంపర్క క్రీడ కాకపోయినా తలగాయాల నియమాల్లో ముందుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో హెల్మెట్ లేకుండా దగ్గర్లో ఫీల్డింగ్ చేస్తూ రమణ్ లాంబా, 2014 నవంబర్‌లో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్ మరణించారు. హ్యూస్ మరణంలో ఎవరి తప్పూ లేదని 2016లో విచారణాధికారి చెప్పినా, మెడ రక్షణ, అత్యవసర వైద్యం మీద సిఫార్సులు చేశాడు. 2019 జూలైలో అంతర్జాతీయ క్రికెట్ మండలి కంకషన్ తగిలినవాడి బదులు మరో ఆటగాణ్ణి దించడానికి అనుమతించింది. 2020 డిసెంబర్‌లో కాన్‌బెరాలో జడేజా స్థానంలో చాహల్ దిగింది ఆ నియమం కిందే.

భారత చట్టం: క్రిమినల్ బాధ్యత

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 25వ సెక్షన్ (పాత శిక్షాస్మృతిలో 87) ఆటలకు ఆయువుపట్టు. 18 ఏళ్ళు దాటిన వ్యక్తి సమ్మతితో, మరణం గానీ తీవ్రగాయం గానీ కలిగించే ఉద్దేశం లేకుండా, కలుగుతుందని తెలియకుండా చేసిన పని నేరం కాదు. సరదాకు కత్తిసాము ఆడే ఇద్దరిని చట్టమే ఉదాహరణగా చెబుతుంది. నియమాల ప్రకారం పట్టు పట్టినవాడి మీద కేసు నిలవకపోవడానికి కారణం ఇదే.

ఈ రక్షణకు రెండు హద్దులున్నాయి. పగతో, ఆట ఆగిన తర్వాత, నియమానికి విరుద్ధంగా తలమీద కొట్టినవాడికి అది దక్కదు. రెండోది వయసు. 18 నిండని ఆటగాడి సమ్మతి ఈ సెక్షన్ కిందికి రాదు. ఊరి పోటీల్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలు పెద్దల జట్లలో కలిసి ఆడటం మామూలే. అలాంటి జట్టును దించే నిర్వాహకులు ఈ సంగతి తెలుసుకుని తీరాలి.

నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ వరకు జైలుశిక్ష, తీవ్రగాయమైతే 125వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు. ఈ సెక్షన్లు ఆటగాళ్ళకంటే నిర్వాహకులకే ఎక్కువగా తగులుతాయి. 2022 జూలైలో బెంగళూరులో జరిగిన కిక్‌బాక్సింగ్ పోటీలో తలకు దెబ్బ తగిలి ఒక యువకుడు మరణించినప్పుడు, వైద్య ఏర్పాట్లు లేవన్న ఆరోపణ మీద పోలీసులు అప్పటి 304ఏ సెక్షన్ కింద కేసు నమోదు చేశారు. తెలుగునాట 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల గ్యాలరీ కూలి వందమందికి పైగా ప్రేక్షకులు గాయపడ్డారు. అక్కడా కేసు నిర్వాహకుల మీదే నడిచింది. 2023 జనవరి మొదట్లో విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం ఎరుకొండలో కొత్త సంవత్సరపు కబడ్డీ పోటీలో తలకు గాయమైన యువకుడు విశాఖపట్నం ఆస్పత్రిలో మరణించాడు.

భారత చట్టం: సివిల్ బాధ్యత

అపకృత్య చట్టం కింద పరిహారం కావాలంటే నాలుగు విషయాలు రుజువు చేయాలి: జాగ్రత్త చూపాల్సిన బాధ్యత, ఆ బాధ్యతలో లోపం, ఆ లోపం వల్లే నష్టం, నష్టం మొత్తం. ఎవరి మీద ఏ బాధ్యత అన్నది ఇలా ఉంటుంది.

ప్రత్యర్థి ఆటగాడు. ఆట వేడిలో జరిగిన పొరపాటు నిర్లక్ష్యం కాదు. నియమం తప్పడం ఒక్కటే చాలదు, ఎదుటివాడి క్షేమాన్ని లెక్కచేయని మోటుతనం ఉండాలి. అమెరికాలో హాక్‌బార్ట్ కేసులో, కోపంతో ముంజేతితో తల వెనక కొట్టిన దెబ్బ వృత్తి ఫుట్‌బాల్‌లో భాగమేనని కింది కోర్టు అంటే, 1979లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు.

రెఫరీ. నియమాలు భద్రత కోసమే ఉన్నచోట వాటిని అమలు చేయని రెఫరీ బాధ్యుడు కావచ్చు. ఇంగ్లండ్‌లో స్మోల్డన్ (1996), వేల్స్‌లో వోల్స్ (2003) రగ్బీ కేసుల్లో అలాగే తేలింది. ఆ రెండూ మెడ, వెన్నెముక గాయాలు. రెండో కేసులో రెఫరీని నియమించిన వేల్స్ రగ్బీ సంఘం కూడా చిక్కుకుంది.

కోచ్, జట్టు యజమాని. తల తిరుగుతోందన్నవాణ్ణి మళ్ళీ కూతకు పంపే నిర్ణయం వీరిదే. కంకషన్ గురించి అంతర్జాతీయ వైద్య నిపుణులు 2001 నుంచి విడతల వారీగా మార్గదర్శకాలు వెలువరిస్తున్నారు. చివరిది 2023 నాటి ఆమ్‌స్టర్‌డామ్ ప్రకటన. అనుమానం ఉంటే అదే రోజు మళ్ళీ ఆడించకూడదన్నది వాటి సారం. కాబట్టి తెలియదు అన్న సమాధానానికి లీగ్ స్థాయిలో విలువ లేదు. సంపర్క క్రీడల బాధ్యతలో అసలు కీలకం ఇక్కడే ఉంది. మొదటి దెబ్బ ఆటలో భాగం. దెబ్బ తిన్నవాణ్ణి తిరిగి దించడం మాత్రం ఒక మనిషి తీసుకున్న నిర్ణయం, దానికి ఆ మనిషి జవాబు చెప్పాలి.

వైద్యుడు. జట్టు వైద్యుడికి జీతం యజమాని ఇచ్చినా బాధ్యత రోగి పట్లే. నేరంగా పరిగణించాలంటే నిర్లక్ష్యం తీవ్రమైనదై ఉండాలని జేకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ పరిహారానికి అంత తీవ్రత అక్కర్లేదు.

క్రీడా సంఘాలు. భారత క్రికెట్ నియంత్రణ మండలి రాజ్యాంగం 12వ అధికరణం అర్థంలో ప్రభుత్వం కాదని జీ టెలిఫిల్మ్స్ కేసులో (2005), ప్రజాసంబంధమైన విధులు నిర్వహిస్తుంది కాబట్టి హైకోర్టు రిట్ పరిధిలోకి వస్తుందని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సూత్రం ఇతర జాతీయ క్రీడా సంఘాలకూ వర్తిస్తుంది. 2025 ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం జాతీయ సంఘాల మీద క్రీడా మండలిని, వివాదాలకు ట్రైబ్యునల్‌ను ఏర్పాటు చేస్తుంది. తలగాయాల పరిహారానికి అందులో ప్రత్యేక విధానం లేదు.

ప్రభుత్వం. 2023 డిసెంబర్ 26న గుంటూరు దగ్గర నల్లపాడులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’లో అయిదు ఆటల్లో కబడ్డీ ఒకటి. సచివాలయ స్థాయి నుంచి ప్రభుత్వమే పోటీలు నడిపింది. ఉద్యోగుల నిర్లక్ష్యానికి సార్వభౌమాధికారం పేరు చెప్పి ప్రభుత్వం తప్పించుకోలేదని ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఎన్. నాగేంద్రరావు కేసులో (1994) సుప్రీంకోర్టు చెప్పింది. క్రీడా పోటీలు నడపడం పోలీసు, సైన్యం వంటి సార్వభౌమ విధి అని వాదించడం కష్టం.

బాధ్యత తప్పించుకునే వాదనలు

మొదటి వాదన సమ్మతి: ఒళ్ళు తగిలే ఆటని తెలిసే దిగాడు కదా అన్నది. ఆటకు సహజమైన ప్రమాదం వరకే అది చెల్లుతుంది. కంకర తేలిన కోర్టు, పక్కనే పాతిన ఇనుప స్తంభం, దగ్గర్లో లేని వాహనం ఆటకు సహజం కావు.

రెండోది సంతకం. ‘ఏం జరిగినా నిర్వాహకులకు బాధ్యత లేదు’ అని రాసిన కాగితం మీద ఆటకు ముందు జట్టు కెప్టెన్ చేత సంతకం పెట్టిస్తారు. కెప్టెన్ సంతకం మిగిలిన ఆరుగురినీ కట్టిపడేయదు. మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని మొహరీ బీబీ కేసు (1903) నుంచి స్థిరపడింది. ప్రజావిధానానికి విరుద్ధమైన షరతు 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. ప్రాణాపాయమైన నిర్లక్ష్యానికి ముందే మాఫీ రాయించుకోవడం ఆ కోవలోకి వస్తుందని వాదించవచ్చు. క్రిమినల్ బాధ్యతను ఎలాంటి కాగితమూ తుడిచేయలేదు.

మూడోది ఆటగాడి సొంత నిర్లక్ష్యం. దెబ్బ దాచిపెట్టి ఆడినవాడి పరిహారం తగ్గవచ్చు. అయితే కంకషన్ తగిలినవాడి తెలివి ఆ క్షణంలో సరిగా పనిచేయదు కాబట్టి ‘నేను బాగానే ఉన్నా’ అన్న అతని మాటను పట్టుకుని కోచ్ తప్పించుకోవడం సబబు కాదు.

పరిహారం

ఉద్యోగి అయిన ఆటగాడికి సులువైన దారి ఉద్యోగుల నష్టపరిహారం. 1923 నాటి చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ఇందులో యజమాని తప్పు రుజువు చేయనక్కరలేదు. గాయం ఉద్యోగ విధుల్లో భాగంగా జరిగిందని చూపితే చాలు. పాత చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఈ హక్కును వదులుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదు. లోపం ఏమిటంటే, చట్టంలోని ఉద్యోగుల జాబితా యంత్రాలు, గనులు, నిర్మాణాల వంటి పనులను దృష్టిలో పెట్టుకుని రాసింది. వృత్తి క్రీడాకారుల పేరు అందులో విడిగా లేదు. లీగ్ ఆటగాళ్ళకు ఒప్పందంలోని బీమా, వైద్య ఖర్చుల షరతులే ప్రధాన రక్షణ. సంతకానికి ముందు వాటిని చదివించుకోవడం అవసరం.

మిగిలినవారికి సివిల్ దావా. మొత్తం లెక్కించడానికి మోటారు ప్రమాద కేసుల పద్ధతినే కోర్టులు ఆదర్శంగా తీసుకుంటాయి. సంపాదనను వయసును బట్టి గుణించే విధానం సరళా వర్మ కేసులో (2009), వైకల్యం శాతాన్ని కాక దానివల్ల తగ్గిన సంపాదన సామర్థ్యాన్ని చూడాలన్న సూత్రం రాజ్‌కుమార్ కేసులో (2011) సుప్రీంకోర్టు స్థిరపరిచింది. రెండో సూత్రం తలగాయానికి చాలా ముఖ్యం. చేయీ కాలూ బాగున్నా మతిమరుపు వచ్చినవాడు ట్రాక్టరు నడపలేడు, పైరుకు మందు ఏ పాళ్ళలో కలపాలో గుర్తుంచుకోలేడు. మరణం సంభవిస్తే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద కుటుంబం దావా వేయవచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు టికెట్టు కొన్న ప్రేక్షకుడు వెళ్ళగలడు. డబ్బు చెల్లించని ఆటగాడు సాధారణంగా వినియోగదారుడు కాడు. రుసుము కట్టి చేరిన శిక్షణ కేంద్రం మీద మాత్రం ఆటగాడూ వెళ్ళవచ్చు.

పల్నాడులో పరిస్థితి

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాకు నరసరావుపేట కేంద్రం. సంక్రాంతికి, తిరునాళ్ళకు ఎడ్ల బలప్రదర్శనతోపాటు కబడ్డీ పోటీలు పెట్టడం ఈ ప్రాంతంలో ఆనవాయితీ. నిర్వాహకులు సాధారణంగా ఊరి యువజన సంఘం, బహుమతులు ఇచ్చే దాతలు. సంఘం రిజిస్టర్ కాకపోతే దాని పేరు మీద దావా వేయలేరు. కమిటీలో ఉన్న ఒక్కొక్కరూ సొంతంగా ప్రతివాదులవుతారు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకుని పోటీకి బీమా తీసుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. కరపత్రం మీద పేరున్న దాత డబ్బు ఇచ్చినంత మాత్రాన బాధ్యుడు కాడు, ఏర్పాట్లలో చేయి పెడితేనే అవుతాడు.

దూరం ఇక్కడ చట్టపరమైన అంశమే. మెదడు శస్త్రచికిత్స దొరికే పెద్ద ప్రభుత్వాస్పత్రి గుంటూరులో ఉంది, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. మాచర్ల నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రాత్రి తొమ్మిదింటికి లైట్ల వెలుతురులో సెమీఫైనల్ ఆడుతూ పడిపోయినవాణ్ణి ముఖాన నీళ్ళు కొట్టి, పక్కన పడుకోబెట్టి, తెల్లారి చూద్దామంటే ఆ మధ్య గంటల్లోనే లోపల రక్తం గడ్డకడుతుంది. ఆస్పత్రి దూరమని ముందే తెలిసిన నిర్వాహకుడి మీద జాగ్రత్త బాధ్యత ఎక్కువే అవుతుంది, తగ్గదు. ఆట మొదలయ్యే ముందే వాహనం సిద్ధంగా ఉంచడం, 108కు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోటీ వేళలు తెలపడం, తల దెబ్బ గుర్తించగల ఒక నర్సును గానీ ఆరోగ్య కార్యకర్తను గానీ కోర్టు పక్కన కూర్చోబెట్టడం, మెత్తని మట్టి వేసి హద్దు చుట్టూ ఖాళీ జాగా వదలడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదటి బహుమతి మొత్తంలో కొంత తగ్గించినా ఇవన్నీ సమకూరుతాయి.

కుటుంబాలు కేసు దాకా వెళ్ళడం అరుదు. ఒకే ఊరివాళ్ళు, బంధువులు, పెద్దమనుషులు కూర్చుని ఎంతో కొంత ఇప్పించి సర్దుబాటు చేస్తారు. వైద్య ఖర్చులకు ఆరోగ్యశ్రీగా మొదలై ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం, ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలిచ్చే ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన కొంత ఆదుకుంటాయి. వీటిని తీసుకున్నంత మాత్రాన నిర్వాహకుల మీద దావా హక్కు పోదు. పెద్దమనుషుల సర్దుబాటు కాగితం పూర్తి పరిష్కారమని సంతకం పెడితే మాత్రం తర్వాత కోర్టులో అది అడ్డొస్తుంది. తలగాయం ప్రభావం పూర్తిగా బయటపడటానికి నెలలు పడుతుంది కాబట్టి వారం రోజుల్లో అలాంటి కాగితం రాసుకోవడం మంచిది కాదు.

ఆధారాలు, గడువులు

మొదటి ఆధారం ఆస్పత్రి చీటీ. తలకు దెబ్బతో వచ్చినవాణ్ణి మెడికో లీగల్ కేసుగా నమోదు చేసి వైద్యుడు పోలీసులకు తెలపడం పద్ధతి. చాలాసార్లు వెంట వచ్చినవాళ్ళు ఊళ్ళో గొడవ ఎందుకని ‘బండి మీంచి పడ్డాడు’ అని రాయిస్తారు. ఆ ఒక్క మాటతో తర్వాతి పరిహారం దారులన్నీ మూసుకుపోవచ్చు. ఎక్కడ, ఏ పోటీలో, ఎన్ని గంటలకు, దెబ్బ తర్వాత మళ్ళీ ఆడించారా అన్న వివరాలు చీటీలో ఉండాలి. పోటీ కరపత్రం, ఫోన్లలో తీసిన వీడియోలు, స్కోరు పుస్తకం, మైకుకు తీసుకున్న పోలీసు అనుమతి ఆధారాలుగా పనికొస్తాయి.

నరసరావుపేట, గురజాల, మాచర్లల్లో కోర్టులున్నాయి. కోర్టు రుసుము కట్టలేనివారు సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డర్ కింద పేదవారిగా దావా వేయడానికి అనుమతి కోరవచ్చు. 1987 చట్టం కింద ఏర్పడిన న్యాయసేవా సంస్థలు అర్హులకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తాయి.

గాయానికి సివిల్ దావా గడువు 1963 కాలపరిమితి చట్టం 113వ అధికరణం కింద మూడేళ్ళు. ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద రెండేళ్ళు, వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ళు. బాధ్యుడు మోసంతో నిజం దాచితే అది బయటపడిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని కాలపరిమితి చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. గాయం నాటికి మైనర్ అయిన ఆటగాడికి 6వ సెక్షన్ వల్ల 18 నిండిన తర్వాతే గడువు లెక్కకు వస్తుంది. మూడేళ్ళ గడువున్న దావాను అతను 21 ఏళ్ళు నిండేలోగా వేయవచ్చు.